పెట్టిన పెట్టుబడికి పుట్టిన నవకల్పన ఎంత?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రాంతీయ ఆర్థిక వ్యవస్థలు తమ పరిశోధన వనరులను ఎంత దక్షతతో నవకల్పనగా మారుస్తున్నాయో కొలవడం గురించి వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులిస్తున్నాం. ఉదాహరణల్లో కనిపించే క, చ, ట, త ప్రాంతాలు లెక్క కోసం కల్పించినవి.

ప్రశ్న: ఒక ప్రాంతంలో వచ్చిన పేటెంట్లను అక్కడి పరిశోధన ఖర్చుతో భాగిస్తే దక్షత తేలిపోతుంది కదా? లీనియర్ ప్రోగ్రామింగ్ అనే గణిత పద్ధతి దాకా ఎందుకు వెళ్లాలి?

జవాబు: పెట్టేది ఒకటే, వచ్చేదీ ఒకటే, ప్రాంతం చిన్నదైనా పెద్దదైనా తేడా లేదు అనుకుంటే భాగహారం చాలు. ఈ మూడింటిలో ఒక్కటీ నిజం కాదు. పరిశోధనకు మనుషులు కావాలి, పరికరాలు కావాలి, అంతకుముందు పోగుపడిన పరిజ్ఞానం కావాలి. ఫలితమేమో పేటెంట్లుగా వస్తుంది, పరిశోధన పత్రాలుగా వస్తుంది, కొత్త ఉత్పత్తుల అమ్మకాలుగానూ వస్తుంది. ఒక పేటెంటుకు ఎన్ని పత్రాలు సమానం? దీనికి బజారు ధర లేదు. ధర లేనివాటిని కలిపి కూడాలంటే ఎవరో ఒకరు వెయిట్లు నిర్ణయించాలి. వెయిట్లు మారితే ర్యాంకులూ మారతాయి.

దీనికి 1957లో ఎం.జె. ఫారెల్ ఒక దారి చూపారు. ఊహలోని ఆదర్శంతో కాకుండా, మన డేటాలో కనిపిస్తున్నవాళ్లలో మేటి ఎవరో చూసి వాళ్లతో పోల్చమన్నారు. మేటివాళ్లను కలుపుతూ ఒక హద్దు రేఖ గీస్తే, మిగతావాళ్లు ఆ రేఖకు ఎంత దూరంలో ఉన్నారన్నదే వాళ్ల దక్షత. 1978లో ఛార్న్స్, కూపర్, రోడ్స్ దీన్ని ఎన్ని ఇన్‌పుట్లు, ఎన్ని అవుట్‌పుట్లు ఉన్నా పనిచేసే లీనియర్ ప్రోగ్రామింగ్ పద్ధతిగా మలిచారు. అదే డేటా ఎన్వలప్‌మెంట్ ఎనాలిసిస్, పొట్టిగా డీఈఏ. ఇందులో వెయిట్లను మనం ఇవ్వం. ఏ వెయిట్లయితే తనకు అత్యంత అనుకూలమో వాటినే ప్రతి ప్రాంతానికీ ప్రోగ్రాం ఎంచిపెడుతుంది. అంత వెసులుబాటు ఇచ్చినా వెనకబడితే అది నిజంగా వెనకబాటే.

చేత్తో వేసి చూద్దాం. ఇన్‌పుట్ ఆర్ అండ్ డీ (పరిశోధన, అభివృద్ధి) నిల్వ, అంటే ఏళ్లుగా పోగైన పెట్టుబడి, అవుట్‌పుట్ పేటెంట్లు. క: 20 పెట్టి 40 తీసింది. చ: 50 పెట్టి 150. ట: 100 పెట్టి 200. త: 80 పెట్టి 120. పరిమాణంతో సంబంధం లేదనుకుంటే అందరిలో మేటి చ, యూనిట్‌కు 3 పేటెంట్లు. ఆ లెక్కన త తన 80తో 240 తీయాలి, తీసింది 120, స్కోరు 0.5. కానీ 80 యూనిట్ల ప్రాంతాన్ని 50 యూనిట్ల ప్రాంతంతో నేరుగా పోల్చవచ్చా? 1984లో బ్యాంకర్, ఛార్న్స్, కూపర్ ఇచ్చిన సవరణ ఇక్కడే పనికొస్తుంది. పరిమాణాన్ని బట్టి రాబడి మారవచ్చని ఒప్పుకుంటే రేఖ క, చ, ట మూడింటినీ కలుపుతూ వంగుతుంది. అప్పుడు త పక్కన నిలబడేది చకి 0.4, టకి 0.6 వెయిటు ఇచ్చి కలిపిన ఊహా ప్రాంతం. దాని ఇన్‌పుట్ 0.4×50 + 0.6×100 = 80. అవుట్‌పుట్ 0.4×150 + 0.6×200 = 180. తకి స్కోరు 120/180, అంటే 0.67. మొదటి స్కోరును రెండోదానితో భాగిస్తే 0.75, ఇది స్కేలు దక్షత. అంటే త నష్టంలో ఒక పాలు పని తీరు వల్ల, ఇంకో పాలు పరిమాణం వల్ల. భాగహారం ఈ రెంటినీ విడదీయలేదు.

స్కోరు 1 వచ్చినంత మాత్రాన మెరుగుపడే చోటు ఇక లేదని అర్థం కాదు. ఈ గుంపులో మించినవాళ్లు లేరని, అంతే. గుంపులో ఇంకో పది ప్రాంతాలు చేరితే ఆ 1 నిలవకపోవచ్చు.

ప్రశ్న: ఇన్‌పుట్‌గా ఆ ఏడాది ఆర్ అండ్ డీ ఖర్చు తీసుకోవాలా, ఇంకేదైనా వాడాలా? పరిశోధకుల సంఖ్యను కూడా కలపవచ్చా?

జవాబు: ఈ ఏడాది పేటెంటు ఈ ఏడాది ఖర్చుతోనే పుట్టదు. ఏళ్లుగా పోగైన పరిజ్ఞానం దాని వెనక ఉంటుంది. అందుకే 1979లో జ్వీ గ్రిలికెస్ నవకల్పనను ఒక ఉత్పత్తి ప్రమేయంగా రాసినప్పటి నుంచీ వార్షిక ఖర్చు బదులు పరిజ్ఞాన నిల్వను వాడటం ఆనవాయితీ అయింది. నిల్వ కట్టే తీరు ఇది: నిరుటి నిల్వలోంచి అరుగుదల తీసేసి, కొత్త ఖర్చు కలపాలి. అరుగుదల రేటు సాధారణంగా 15 శాతం తీసుకుంటారు.

చిక్కల్లా మొదటి ఏడాది నిల్వతోనే. దానికి వాడే సూత్రం: మొదటి ఏడాది ఖర్చును, ఖర్చు పెరుగుదల రేటు, అరుగుదల రేటు రెంటి మొత్తంతో భాగించడం. ఖర్చు 12 యూనిట్లు, పెరుగుదల 5 శాతం, అరుగుదల 15 శాతం అయితే 12/0.20 = 60. మరుసటి ఏడాదికి 0.85×60 + 12 = 63. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఆ మొదటి ఏడాది ఒక పెద్ద ప్రయోగశాల కట్టి ఉంటే ఖర్చు అసాధారణంగా ఎక్కువగా ఉంటుంది, సూత్రం దాన్ని 5 రెట్లు చేస్తుంది. ఆ వాపు 5 ఏళ్ల తర్వాత కూడా 44 శాతం, 10 ఏళ్ల తర్వాత సుమారు 20 శాతం మిగిలే ఉంటుంది. పాపం ఆ ప్రాంతం దశాబ్దం పాటు దక్షత లేనిదిగా కనిపిస్తుంది. మొదటి ఏడాది బదులు తొలి మూడేళ్ల సగటు ఖర్చు వాడండి. పెరుగుదల రేటును కూడా రెండేళ్ల మధ్య కాకుండా పొడవాటి కాలానికి లెక్కకట్టండి. డేటా ఉంటే విశ్లేషణ మొదలయ్యే ఏడాదికి కనీసం ఐదారేళ్ల ముందు నుంచి నిల్వ కట్టడం మొదలుపెట్టండి. అరుగుదలను 10, 20 శాతాలతో కూడా ఒకసారి నడిపి ర్యాంకులు ఎంత కదిలాయో చూడాలి.

నిల్వ కట్టేముందు ఖర్చులన్నీ స్థిర ధరల్లోకి మార్చి ఉండాలి. దీనికి జీడీపీ డిఫ్లేటర్ (ఆర్థిక వ్యవస్థ మొత్తం ధరల సూచీ) చాలామంది వాడతారు, తప్పు కాదు. కానీ ఆర్ అండ్ డీ ఖర్చులో జీతాల వాటా పెద్దది కాబట్టి, జీతాల సూచీని, పరికరాల ధరల సూచీని వాటి వాటాల ప్రకారం కలిపి వాడితే లెక్క నిజానికి దగ్గరవుతుంది.

పరిశోధకుల సంఖ్య కలపవచ్చు, రెండు షరతులతో. ఒకటి, తలల లెక్క పనికిరాదు, పూర్తికాల సమానం కావాలి. బోధనతో పాటు 30 శాతం సమయం పరిశోధనకు ఇచ్చే అధ్యాపకుడు 0.3 మనిషి. అభివృద్ధి చెందిన దేశాల ఆర్థిక సంస్థ ఓఈసీడీ వారి ఆర్ అండ్ డీ గణాంకాల మార్గదర్శిని అయిన ఫ్రాస్కాటి మాన్యువల్, తాజాగా 2015 కూర్పులో, దీన్ని ఎలా లెక్కించాలో వివరంగా ఉంది. విశ్వవిద్యాలయాలు ఎక్కువగా ఉన్న ప్రాంతాలకు తలల లెక్క వేస్తే వాటికి పెద్ద అన్యాయం జరుగుతుంది. రెండు, ఆ పరిశోధకుల జీతాలు ఆర్ అండ్ డీ ఖర్చులో ముందే ఉన్నాయి. మనుషులనూ, మొత్తం ఖర్చునూ రెంటినీ పెడితే ఒకే వనరును రెండుసార్లు లెక్కించినట్టే. ఖర్చులోంచి జీతాల పద్దు తీసేసి, మిగిలినదానితో నిల్వ కట్టి, మనుషులను విడిగా పెట్టండి. ఫ్రాస్కాటి పద్ధతిలో సేకరించిన డేటాలో జీతాలు, ఇతర నిర్వహణ ఖర్చులు, మూలధన ఖర్చులు విడివిడిగా ఉంటాయి కనుక ఇది పెద్ద పని కాదు.

ప్రశ్న: ఖర్చుకూ ఫలితానికీ మధ్య ఎన్నేళ్ల ఎడం పెట్టాలి?

జవాబు: పేటెంట్లకు ఒకటి రెండేళ్లు చాలు. కంపెనీల డేటాపై 1986లో హాల్, గ్రిలికెస్, హౌస్‌మన్ చేసిన అధ్యయనంలో ఖర్చుకూ పేటెంటు దరఖాస్తుకూ సంబంధం దాదాపు అదే ఏడాదిలో కనిపించింది. దరఖాస్తులు పని మొదట్లోనే పడతాయి. కొత్త ఉత్పత్తుల అమ్మకాలకైతే ఎడం ఇంకా ఎక్కువ ఉండాలి. ఇన్‌పుట్‌గా నిల్వను వాడుతుంటే పాత ఏళ్ల ఖర్చు అందులోనే ఉంది కాబట్టి ఎడం ఒక ఏడాది అటూ ఇటూ అయినా ఫలితం పెద్దగా కదలదు. ఏడాది ఖర్చునే వాడేవాళ్లు మాత్రం ఒకటి, రెండు, మూడేళ్లతో మూడుసార్లు నడిపి చూడాలి.

ప్రశ్న: ప్రాంతాల వారీగా పేటెంట్లు లెక్కపెడుతున్నాను. ఒక ప్రాంతానికి నమ్మలేనన్ని వస్తున్నాయి. పొరపాటు ఎక్కడ ఉండొచ్చు?

జవాబు: దరఖాస్తుదారు చిరునామా వాడి ఉంటారు. దరఖాస్తుదారు అంటే సాధారణంగా కంపెనీ. కంపెనీ చిరునామా అంటే ప్రధాన కార్యాలయం. దేశమంతటా ఉన్న ప్రయోగశాలల్లో జరిగిన పనంతా కార్యాలయం ఉన్న నగరం ఖాతాలో పడిపోతుంది. ఆర్ అండ్ డీ ఖర్చు మాత్రం ప్రయోగశాల ఉన్నచోటే నమోదవుతుంది. పైనుండే పేటెంట్లు ఒక చోట, కిందుండే ఖర్చు ఇంకోచోట అయ్యాక ఆ నిష్పత్తికి అర్థం ఉండదు.

దీని దెబ్బ ఎక్కడిదాకా పోతుందో పై ఉదాహరణలోనే చూడండి. చకి చూపిన 150 పేటెంట్లలో 60 నిజానికి ఈ నాలుగింటిలో లేని వేరే చోట్ల పుట్టినవని, చ సొంతం 90 మాత్రమేనని అనుకుందాం. చ స్థాయి యూనిట్‌కు 1.8కి పడుతుంది. ఇప్పుడు మేటి క, ట. రెండూ యూనిట్‌కు 2. తకి రావాల్సింది 160, వచ్చింది 120, స్కోరు 0.75. ఇందాక 0.5. త ప్రాంతంలో ఒక్క అంకె కూడా మారలేదు. మారింది పక్కవాడి చిరునామా. డీఈఏలో హద్దు రేఖపై ఉన్న ఒక్క ప్రాంతం డేటా తప్పయితే, దానితో పోల్చిన అందరి స్కోర్లూ తప్పే. కాబట్టి డేటా తనిఖీ మొదలుపెట్టాల్సింది తక్కువ స్కోరు వచ్చినవాటి నుంచి కాదు, 1 వచ్చినవాటి నుంచి. ఆ ప్రాంతాలను ఒక్కొక్కటిగా తీసేసి మళ్లీ నడపండి. ఏది తీస్తే మిగతా స్కోర్ల సగటు ఎగిరిపడుతుందో దాని మూల డేటాను గీటుగీటునా చూడాలి.

సరైన లెక్క ఇలా ఉంటుంది. ఆవిష్కర్త చిరునామా తీసుకోవాలి. ఒక పేటెంటుకు ముగ్గురు ఆవిష్కర్తలు, ఇద్దరు ఒక ప్రాంతం, ఒకరు మరో ప్రాంతం అయితే 2/3, 1/3 గా పంచాలి. రెండు ప్రాంతాలకూ ఒక్కొక్కటి రాస్తే మొత్తం ఉబ్బిపోతుంది. తేదీగా ప్రాధాన్య తేదీని, అంటే ప్రపంచంలో ఎక్కడైనా మొట్టమొదట దరఖాస్తు పడిన తేదీని వాడాలి. ఆవిష్కరణ జరిగిన కాలానికి అదే దగ్గర. మంజూరు తేదీ వాడితే పరిశీలన కార్యాలయంలో ఫైళ్లు ఎంత ఆలస్యంగా కదిలాయో కొలిచినట్టవుతుంది. ఓఈసీడీ వారి రెగ్‌ప్యాట్ డేటాబేస్‌లో చిరునామాలను ప్రాంతాలకు జతచేసిన పని ముందే చేసి ఉంది. అక్కడ దొరికే దేశాలకైతే సొంతంగా ఆ శ్రమ పడక్కర్లేదు.

ఆవిష్కర్త చిరునామాలోనూ ఒక మెలిక ఉంది. అది తరచూ ఇంటి చిరునామా. ప్రయోగశాల నగరంలో, ఇల్లు సరిహద్దు దాటి శివారు ప్రాంతంలో ఉంటే, ఖర్చు నగరానికి, పేటెంటు శివారుకు పోతాయి. శివారు గొప్ప దక్షత కలదిగా, నగరం దండగ్గా కనిపిస్తాయి. బ్రసెల్స్ లాంటి రాజధానులు పరిపాలన హద్దుల ప్రకారం చిన్నవి, రోజూ పనికొచ్చేవాళ్లు చుట్టుపక్కల ప్రాంతాల నుంచి వస్తారు. యూరప్‌లో ప్రాంతీయ విశ్లేషణకు ఎక్కువగా వాడే నట్స్-2 (ఈయూ గణాంకాల ప్రాంత విభజనలో రెండో మెట్టు) స్థాయిని 8 లక్షల నుంచి 30 లక్షల జనాభా కొలమానంతో గీశారు. మనుషుల రాకపోకలను చూసి కాదు. ఇలాంటి చోట నగరాన్నీ శివారునూ ఒకే యూనిట్‌గా కలిపేయండి. ప్రాంతాల సంఖ్య ఒకటి తగ్గుతుంది, అర్థం మిగులుతుంది.

చివరి ఏళ్లను నమ్మొద్దు. దరఖాస్తు సాధారణంగా ప్రాధాన్య తేదీ నుంచి 18 నెలలకు గానీ ప్రచురితం కాదు. అంతర్జాతీయ పీసీటీ (ఒకే దరఖాస్తుతో అనేక దేశాల్లో పేటెంటు కోరే ఒప్పందం) దారిలో వెళ్లినవి జాతీయ దశకు చేరడానికి సుమారు 30 నెలల దాకా పడుతుంది. అందుకే ప్రతి డేటాబేస్‌లోనూ ఆఖరి రెండు మూడేళ్లలో పేటెంట్లు పడిపోయినట్టు కనిపిస్తుంది. అది పతనం కాదు, డేటా ఇంకా రాలేదు. ఆ ఏళ్లను విశ్లేషణ నుంచి తీసేయండి.

నాణ్యత సంగతి. అన్ని పేటెంట్లూ ఒకటి కావు. కొన్ని దేశాల్లో యుటిలిటీ మోడల్ అనే తేలిక రకం హక్కు ఉంది. జర్మనీ, చైనాల్లో ఇది లోతైన పరిశీలన లేకుండానే నమోదవుతుంది. దాన్ని ఆవిష్కరణ పేటెంట్లతో కలిపి కూడితే స్కోరు కొలిచేది దరఖాస్తుల ఉత్సాహాన్నే. తర్వాతి పేటెంట్లు దీన్ని ఎన్నిసార్లు ఉదహరించాయన్నది మంచి గుర్తు, కానీ అందరికీ ఒకే గడువు, ఉదాహరణకు తొలి 5 ఏళ్లు, పెట్టాలి. ఆ అంకెను అదే ఏడాది, అదే సాంకేతిక తరగతి సగటుతో భాగించాలి. ఎలక్ట్రానిక్స్‌లో పేటెంటు వేసే అలవాటూ ఉదహరించే అలవాటూ ఒకలా ఉంటాయి, యంత్ర పరికరాల్లో ఇంకోలా.

ప్రశ్న: మా దగ్గర 18 ప్రాంతాలు, 4 ఇన్‌పుట్లు, 5 అవుట్‌పుట్లు ఉన్నాయి. డీఈఏ నడిపితే 13 ప్రాంతాలకు స్కోరు 1 వచ్చింది. ఇన్ని ప్రాంతాలు నిజంగా దక్షత కలవేనా?

జవాబు: కావు. 9 చలరాశుల్లో ప్రతి ప్రాంతానికీ తాను మెరిసే మూల ఏదో ఒకటి దొరుకుతుంది. ప్రోగ్రాం వెయిట్లన్నీ అక్కడే కుమ్మరిస్తుంది. వాడుకలో ఉన్న కనీస లెక్క: ఇన్‌పుట్ల, అవుట్‌పుట్ల సంఖ్యల లబ్ధం, వాటి మొత్తానికి మూడు రెట్లు, ఈ రెంటిలో ఏది పెద్దదో అన్ని ప్రాంతాలైనా ఉండాలి. మీకు 20, 27. అంటే 27 కావాలి, అది కూడా కనీసమే. ఇన్‌పుట్లను 2కి, అవుట్‌పుట్లను 2కి కుదించండి. అప్పుడు 12 చాలు, మీ 18కి ఊపిరాడుతుంది. ఒకదానితో ఒకటి గట్టి సహసంబంధం ఉన్న చలరాశుల్లో ఒకటి వదిలేయొచ్చు. ప్రతి ప్రాంతాన్నీ తనను తప్పించిన రేఖతో పోల్చే సూపర్ ఎఫిషియెన్సీ పద్ధతి 1993 నుంచి ఉంది, 1 వచ్చినవాటిని మళ్లీ వరుసపెడుతుంది. కానీ చలరాశులు మితిమీరినప్పుడు అది జబ్బును వదిలి జ్వరానికి మందేయడమే.

ఇంకొక్క మాట. పట్టికలో పది లక్షల జనాభాకు పేటెంట్లు, జీడీపీలో శాతంగా ఆర్ అండ్ డీ, వాటి పక్కనే మొత్తం పరిశోధకుల సంఖ్య ఇలా కలగలిపి పెట్టకండి. డీఈఏ రెండు ప్రాంతాలను వెయిట్లతో కలిపి ఊహా ప్రాంతాన్ని కడుతుంది. మొత్తాలను అలా కలపవచ్చు, నిష్పత్తులను కలిపితే వచ్చేది ఏ నిజ ప్రాంతానికీ సరిపోదు. అన్నీ మొత్తాలుగానే ఉంచండి.

ప్రశ్న: డీఈఏ వాడాలా, స్టోకాస్టిక్ ఫ్రాంటియర్ వాడాలా? మార్గదర్శకులు ఒకటి అంటున్నారు, పత్రికల సమీక్షకులు ఇంకొకటి అంటున్నారు.

జవాబు: రెండూ రేఖ నుంచి దూరాన్నే కొలుస్తాయి. తేడా ఆ దూరాన్ని ఏమనుకుంటాయన్నది. డీఈఏ దాన్నంతా అదక్షత అంటుంది. 1977లో ఐగ్నర్, లవెల్, ష్మిట్ ఒకవైపు, మ్యూసన్, వాన్ డెన్ బ్రూక్ మరోవైపు విడివిడిగా ప్రతిపాదించిన స్టోకాస్టిక్ ఫ్రాంటియర్ ఆ దూరాన్ని రెండు ముక్కలు చేస్తుంది. అటూ ఇటూ ఊగే యాదృచ్ఛిక దోషం ఒకటి, ఎప్పుడూ కిందికే లాగే అదక్షత ఒకటి. చిన్న ప్రాంతాల పేటెంట్ల సంఖ్య ఏటేటా బాగా ఎగిరిపడుతుంది కాబట్టి దోషాన్ని వేరుచేయడం మంచి గుణమే. దానికి ఇచ్చే మూల్యం: ఉత్పత్తి ప్రమేయం ఏ ఆకారంలో ఉంటుందో, అదక్షత ఏ పంపిణీ పాటిస్తుందో ముందే ఒప్పుకోవాలి. ఒకటికి మించి అవుట్‌పుట్లు ఉంటే అన్ని అవుట్‌పుట్లనూ ఒకేసారి చూసి రేఖకు దూరం కొలిచే డిస్టెన్స్ ఫంక్షన్‌లోకి వెళ్లాలి.

వందకు పైబడి ప్రాంతాలు, పదేళ్ల ప్యానెల్ (అవే ప్రాంతాల ఏటేటి డేటా), అవుట్‌పుట్ పేటెంట్లు ఒక్కటే అయితే స్టోకాస్టిక్ ఫ్రాంటియర్ తీసుకోండి. ముప్పై నలభై ప్రాంతాలు, అవుట్‌పుట్లు రెండు మూడు అయితే డీఈఏ తీసుకుని, సిమర్, విల్సన్ 1998లో ఇచ్చిన, డేటా నుంచి మళ్లీ మళ్లీ నమూనాలు తీసే, స్మూత్ చేసిన బూట్‌స్ట్రాప్‌తో ప్రతి స్కోరుకూ విశ్వాస అంతరం, అంటే అసలు స్కోరు ఉండగల హద్దులు, కట్టండి. మామూలు బూట్‌స్ట్రాప్ ఇక్కడ పనిచేయదు. స్కోర్లు 1 దగ్గర గోడకు ఆనుకుని ఉంటాయి కాబట్టి తప్పు అంతరాలిస్తుంది. ఆర్ (R) అనే ప్రోగ్రామింగ్ భాషలో డీఈఏకి బెంచ్‌మార్కింగ్ ప్యాకేజీ, రెండోదానికి ఫ్రాంటియర్ ప్యాకేజీ ఉన్నాయి.

స్టోకాస్టిక్ ఫ్రాంటియర్ ఎంచుకుంటే ముందు మామూలు రిగ్రెషన్ నడిపి అవశేషాల (అసలు విలువకూ అంచనాకూ మధ్య తేడాల) వక్రత, అంటే అవి ఎటువైపు ఒరిగాయో, చూడండి. అది రుణాత్మకంగా, అంటే ఎడమవైపు తోక పొడుగ్గా ఉండాలి. ధనాత్మకంగా వస్తే ప్రోగ్రాం అదక్షతను సున్నా అని తేల్చి అందరికీ దాదాపు 1 ఇస్తుంది. అది అందరూ గొప్పవాళ్లని కాదు, మోడల్ కుదరలేదని. తరచూ కారణం ఒకటే: ఒక్క అతిపెద్ద పేటెంట్ కేంద్రం రేఖను పైకి లాగుతుంటుంది, లేదా ముఖ్యమైన ఇన్‌పుట్ ఒకటి మరిచిపోయి ఉంటారు. అదక్షత ఉందో లేదో తేల్చే లైక్లీహుడ్ రేషియో పరీక్షలో 5 శాతం స్థాయి హద్దు, ఒక్క పరామితికి, 2.71, మామూలు కై-వర్గ పట్టికలోని 3.84 కాదు. ఆ పరామితి సున్నా కంటే కిందికి పోలేదు కాబట్టి ఈ తేడా.

స్టోకాస్టిక్ ఫ్రాంటియర్‌లో సాధారణంగా పేటెంట్ల లాగరిథమ్ వాడతారు, సున్నా పేటెంట్లున్న ప్రాంతాలుంటే అది తీసుకోలేం. 1 కలిపి లాగరిథమ్ తీయడం చాలా పత్రాల్లో కనిపిస్తుంది. చిన్న ప్రాంతాల ర్యాంకులు మాత్రం ఆ కలిపిన 1 మీదే ఆధారపడతాయి. మూడేళ్ల సగటు తీస్తే చాలా సున్నాలు వాటంతటవే పోతాయి. అప్పటికీ సున్నాలే మిగిలితే పక్క ప్రాంతంతో కలపండి, లేదా ఆ ప్రాంతం పేటెంట్లతో కొలవదగినది కాదని రాసి వదిలేయండి.

ప్రశ్న: యూరప్ ప్రాంతీయ నవకల్పన స్కోర్‌బోర్డులో పైన ఉన్న ప్రాంతం మా లెక్కలో కింద తేలింది. ఏది తప్పు?

జవాబు: రెండూ సరైనవి కావచ్చు. ఆ స్కోర్‌బోర్డు సంయుక్త సూచీ. ఆర్ అండ్ డీ ఖర్చూ, పేటెంట్లూ అన్నీ అందులో ఒకే దిక్కుగా కలుస్తాయి. ఖర్చు పెంచి ఫలితం పెంచకపోయినా సూచీ పెరుగుతుంది, దక్షత తగ్గుతుంది. అది నవకల్పన స్థాయిని చెబుతుంది, మీరు కొలిచింది మార్పిడిని. అలాగని ఫలితాల సూచీని వనరుల సూచీతో భాగించి దక్షత అనకండి. రెండూ అడుగున ఉన్న ప్రాంతం, హారం చిన్నది కావడం వల్లే పై ర్యాంకు కొట్టేస్తుంది.

ప్రశ్న: డీఈఏ స్కోర్లు వచ్చాక, కారణాలు తెలుసుకోవడానికి జనసాంద్రత, పరిశ్రమల కూర్పు లాంటివాటిపై టోబిట్ రిగ్రెషన్ (విలువలు ఒక హద్దు దగ్గర ఆగిపోయిన డేటాకు వాడేది) చేశాను. సమీక్షకులు ఒప్పుకోలేదు.

జవాబు: వాళ్ల అభ్యంతరం న్యాయమైనదే. స్కోర్లు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి, ఎందుకంటే అందరినీ కొలిచిన రేఖ ఒకటే. మామూలు ప్రామాణిక దోషాలు అక్కడ చెల్లవు. పైగా 1 దగ్గర పేరుకున్న స్కోర్లు సెన్సార్ అయినవి (అసలు విలువ హద్దు అవతల దాగినవి) కావు, పద్ధతి వల్ల అలా వచ్చినవి. సిమర్, విల్సన్ 2007లో చూపినట్టు 1 వచ్చినవాటిని పక్కనపెట్టి ట్రంకేటెడ్ రిగ్రెషన్ (హద్దు లోపలి విలువలకే వాడేది) చేసి, బూట్‌స్ట్రాప్‌తో, 2,000 పునరావృతాలు పెట్టి, అంతరాలు కట్టండి. దీనికీ ఒక షరతు ఉంది: ఆ కారకాలు ప్రాంతం రేఖకు ఎంత దూరమన్నదాన్నే మార్చాలి గానీ రేఖనే మార్చకూడదు. పరిశ్రమల కూర్పు విషయంలో ఇది అనుమానమే. మందుల తయారీ ప్రాంతానికీ పర్యాటక ప్రాంతానికీ అందుబాటులో ఉన్న పేటెంట్ రేఖ ఒకటే అనడం కష్టం. ప్రాంతాలను కూర్పు ప్రకారం రెండు మూడు గుంపులు చేసి విడివిడిగా కొలిచి చూడండి. కారణాలన్నీ మొదటి నుంచే మోడల్‌లో ఉండాలనుకుంటే బటీస్, కోయెల్లి 1995లో ఇచ్చిన స్టోకాస్టిక్ ఫ్రాంటియర్ రూపం దక్షతనూ, కారణాలనూ ఒకే అంచనాలో తేలుస్తుంది.

పక్క ప్రాంతాల ప్రభావాన్ని కూడా వదలొద్దు. విశ్వవిద్యాలయ పరిశోధన చుట్టుపక్కల కంపెనీల పేటెంట్లలోకి ప్రవహిస్తుందని 1989లో ఆడం జాఫె చూపారు. అవశేషాలపై మోరాన్ ఐ (పక్కపక్క ప్రాంతాల విలువలు ఒకేలా ఉన్నాయా అని చూసే కొలమానం) లెక్కించండి. గణనీయంగా వస్తే పొరుగువారి నిల్వను, దూరం ప్రకారం తగ్గించి, కారకంగా చేర్చాలి.

ప్రశ్న: మా ప్రాంతం స్కోరు 0.80 నుంచి 0.75కి పడింది. ఉత్పాదకత తగ్గిందని రాయవచ్చా?

జవాబు: రాయకూడదు. రెండేళ్ల స్కోర్లు రెండు వేర్వేరు రేఖల నుంచి కొలిచినవి. రేఖకు దూరంలో వచ్చిన మార్పునూ, రేఖ జరిగిన మేరనూ గుణించే మాల్మ్‌క్విస్ట్ సూచీ కట్టండి. దూరంలో మార్పు 0.75/0.80 = 0.9375. ఈలోగా రేఖే 12 శాతం పైకి జరిగి ఉంటే 0.9375 × 1.12 = 1.05. ఉత్పాదకత 5 శాతం పెరిగింది. మేటివాళ్లు ఇంకా వేగంగా పోయారు, అంతే.

ప్రశ్న: తక్కువ స్కోరు వచ్చిన ప్రాంతాలకు పరిశోధన నిధులు తగ్గించాలని నివేదికలో సిఫార్సు చేయమంటున్నారు. సరైనదేనా?

జవాబు: ఒక్క మొత్తం స్కోరు చూసి చేయకండి. నవకల్పన రెండు మెట్లు. వనరులు పరిజ్ఞానంగా మారడం మొదటిది, ఆ పరిజ్ఞానం కొత్త ఉత్పత్తులుగా, అమ్మకాలుగా మారడం రెండోది. కావో, హ్వాంగ్ 2008లో ఇచ్చిన రెండు దశల డీఈఏలో మొత్తం దక్షత ఈ రెంటి లబ్ధం. ఒక ప్రాంతానికి 0.90, 0.40 వచ్చాయనుకోండి, మరోదానికి 0.45, 0.80. రెంటికీ మొత్తం 0.36. మొదటిదానికి ప్రయోగశాలలు బాగున్నాయి, పేటెంట్లను కొనేవాళ్లు, వాటిపై తయారీ పెట్టేవాళ్లు లేరు. అక్కడ పరిశోధన నిధి కోస్తే బాగా నడుస్తున్న భాగాన్నే దెబ్బతీసినట్టు. రెండోచోట పరిశ్రమ చురుగ్గా ఉంది, ప్రయోగశాలల పనితీరే చూడాలి. ఒకే అంకెకు రెండు ఎదురు మందులు.

మౌలిక పరిశోధన ఎక్కువగా చేసే ప్రాంతాలకు ఇంకో జాగ్రత్త కావాలి. వాటి ఫలితం పత్రాల్లో కనిపిస్తుంది, పేటెంట్లలో కాదు. పత్రాలు అవుట్‌పుట్‌లో లేకపోతే ఆ ప్రాంతాలు తప్పనిసరిగా అడుగుకు చేరతాయి. కొత్తగా విశ్వవిద్యాలయం పెట్టినచోట నిల్వ ముందు పెరుగుతుంది, ఫలితం తర్వాత వస్తుంది. మధ్య ఏళ్లలో స్కోరు పడిపోవడం సహజం.

నివేదికలో ప్రతి ప్రాంతానికీ నాలుగు అంకెలు పక్కపక్కన వేయండి: రెండు దశల స్కోర్లు, మొత్తానికి 95 శాతం అంతరం, స్కేలు దక్షత. ఐదో గడిలో ఏ ప్రాంతాలతో, ఏ వెయిట్లతో పోల్చారో రాయండి, తకి చ 0.4, ట 0.6 అన్నట్టు. నిధులు నిర్ణయించేవారు ఆ గడి చూసి, ఆ పోలిక తమకు తగినదో కాదో అడగగలగాలి. రెండు ప్రాంతాల అంతరాలు ఒకదానిపై ఒకటి పడుతుంటే వాటి మధ్య ర్యాంకు వేయకండి, ఒకే గుంపులో ఉంచండి.